నీళ్ళ కోసం ఆగిన బస్సు

మా నాయనను ఇప్పుడు అడిగినా సరే, ఆ మినీ బస్సు వాగూరిలో ఒక్కనాడు కూడా ఆగలేదనే అంటాడు. చూపు తగ్గింది, మోకాళ్ళు సహకరించడం లేదు, పొద్దున ఏం తిన్నాడో సాయంత్రానికి గుర్తుండదు. ఈ ఒక్క మాట మాత్రం ఇంచు కూడా కదల్లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాళ్ళను చాలామందిని చూశాను గానీ, ఆ మూడుకాళ్ళ కుందేలును నాలుగు ఊళ్ళ చేత ఒప్పించినవాడు నాకు తెలిసి మా నాయన ఒక్కడే.

ఆ నాలుగు ఊళ్ళూ కలిస్తే మా పంచాయతీ. హోసూరు సీమలో, తళి దాటి అంచెట్టి అడవుల వైపు పోయే మిట్ట నేలల్లో ఉంటుంది. ఊళ్ళ అసలు పేర్లు చెప్పను. చెబితే నాలుగు ఊళ్ళూ కలిసి నా మీదికి వస్తాయి. అయితే ఎవరు ముందు రావాలో తేల్చుకోవడానికే వాళ్ళకు ఏడాది పడుతుంది కాబట్టి నాకు పెద్దగా భయం లేదు.

మాకు ఉన్నది ఒకటే మట్టి రోడ్డు. తార్రోడ్డు నుంచి అది చీలేచోట ఉండేది రోడ్డూరు. కొంచెం లోపలికి వస్తే మా ఊరు. ఇంకా లోపలికి పోతే వాగు పక్కన వాగూరు. చిట్టచివర, గుట్ట కింద, గుట్టూరు. అక్కడితో రోడ్డు అయిపోతుంది. చిన్నపిల్లకు చెప్పినా ఒక్కసారికే అర్థమయ్యే దారి. దాన్ని కూడా చిక్కుముడి వేసిన ఘనత మా పెద్దలది.

ఆ ముడి మొదలు జాతరలో ఉంది. ఏటా ఎండాకాలంలో గుట్టూరి అమ్మవారికి నాలుగు ఊళ్ళూ కలిసి జాతర చేస్తాయి. ఆడవాళ్ళు బియ్యప్పిండీ బెల్లమూ కలిపి తంబిట్టు దీపాలు చేసి, నెత్తిన పెట్టుకుని గుడికి నడుస్తారు. ముందు గుట్టూరి దీపాలు, ఎందుకంటే అమ్మవారు వెలసింది వాళ్ళ ఊళ్ళో. తర్వాత మా ఊరివి. ఆ తర్వాత రోడ్డూరివి. అందరి వెనక వాగూరివి. వాళ్ళెందుకు వెనక అంటే, తాతల కాలంలో ఒకసారి వాగు పొంగి వాళ్ళ దీపాలు ఆలస్యంగా వచ్చాయట. ఒక్క వానకు తడిసిన పాపానికి తరతరాలు వెనక నిలబడాలన్నమాట. చిన్నప్పుడు నేను ఈ కథ నమ్మాను. పెద్దయ్యాక అసలు సంగతి తెలిసింది. వాళ్ళు గొర్రెలు మేపుకుంటూ, మధ్యలో కాస్త మెట్ట చేను దున్నుకునేవాళ్ళు. మేము తరాల నుంచి భూములున్న రైతులం. వాగు పొంగకపోయినా వాళ్ళను వెనకే నిలబెట్టి ఉండేవాళ్ళం, దానికి ఇంకో కథ కట్టి ఉండేవాళ్ళం.

ఈ వరసకు మా దగ్గర మర్యాద అని పేరు. జాతరలో ఉంటే ఉండనీ, దేవుడి సంగతి అనుకుందాం. మా వాళ్ళు దాన్ని అన్నిటికీ తగిలించారు. పోలియో చుక్కలు వేయడానికి వచ్చిన నర్సమ్మను రోడ్డూరిలో అడుగు పెట్టగానే ఆపి, ముందు గుట్టూరికి పోయి రమ్మన్నారు. ఆమె అంత దూరం నడిచి పోయి, తిరిగి వచ్చేసరికి మా ఊరి పిల్లలంతా నిద్రపోయారు. పిల్లల నోటి చుక్కకు కూడా మర్యాద చూసే జనం ఇంకెక్కడైనా ఉన్నారేమో నాకు తెలియదు.

నాలుగు ఊళ్ళ మాట ఏదైనా చింతతోపులో తేలాలి. ఊరికొక పెద్దమనిషి వచ్చి కూర్చుంటాడు. మా ఊరి తరఫున మా నాయన. మాట నచ్చితే తట్టలో ఉన్న ఆకూ వక్కా ఎత్తుకోవాలి. ఒక్కరు ఎత్తకపోయినా ఆ మాట పడిపోయినట్టే. బోరు వేయాలన్న మాట అక్కడే పడిపోయింది. వాగు మీద మోరీ కట్టాలన్న మాట పడిపోయింది. ఆ తోపులో రాలిన చింతకాయల కంటే రాలిన మాటలే ఎక్కువ.

నేను రోడ్డూరి బడిలో ఎనిమిదో తరగతి ముగించింది తొంభైల చివర్లో. పైచదువుకు సంతూరు పోవాలి. వారం వారం సంత జరుగుతుంది కాబట్టి తార్రోడ్డు మీది ఆ పెద్ద ఊరిని మేమలా అనేవాళ్ళం. మగపిల్లలు సైకిళ్ళ మీద పోయేవాళ్ళు. ఆడపిల్లల చదువు ఎనిమిదితో సరి. మా అమ్మ మాత్రం నన్ను పంపాలని నాయన వెంట పడింది. ఆమె అడిగి అడిగి విసిగిస్తే నాయన ఒకరోజు తేల్చేశాడు.

"బస్సొస్తే పంపిస్తా. బస్సు ల్యాకుండా ఆడపిల్లను అంత దూరం యాడ పంపేది?"

కాకులు తెల్లబడితే పంపిస్తానన్నంత ధీమాగా అన్నాడు. మా మట్టి రోడ్డు మీద ఎద్దుల బండి పోవడమే కష్టం. కానీ ఆ ఎండాకాలమే పల్లెలకు మినీ బస్సులు వేస్తున్నారని వార్త వచ్చింది. డెంకణికోట వైపు నుంచి ఒక ఆసామి తన బస్సు మా దారిలో తిప్పుతానని వచ్చాడు. మా అమ్మ ఆ రోజు నాయనకు నెయ్యి వేసి ముద్ద పెట్టింది. మాట తప్పడానికి ఆయనకు దారి లేకుండా పోయింది.

చింతతోపులో ఆ మాట తేలిన రోజు నేను పక్కనే చింతకాయలు ఏరుతున్నాను. ఏరడం అనేది నెపం. నా చదువు అక్కడ తట్టలో ఉంది, నేనెక్కడికి పోతాను? బస్సు ఆసామి చాలా సులువుగా చెప్పాడు. పొద్దున్నే ఖాళీ బస్సు నేరుగా గుట్టూరు పోతుంది. అక్కడ తిరుక్కుని, దారిలో వచ్చే ఊళ్ళ వాళ్ళను ఎక్కించుకుంటూ సంతూరు చేరుతుంది. ఇందులో వాదించడానికి ఏముంది అనుకున్నాను. మా నాయన గొంతు సవరించుకున్నాడు.

"అట్లయితే వాగూరోళ్ళు మాకంటే ముందెక్కతారు గదప్పా?"

"అవునప్పా. దిగి వచ్చేటప్పుడు ముందు వాళ్ళ ఊరే గదా తగిలేది," అన్నాడు ఆసామి.

"జాతరలో మా వెనకాల నడిచేటోళ్ళు సీట్లల్లో కూర్చోని పోతా ఉంటే, మేము నిలబడుకోని పోవల్నా? అదేం మర్యాదప్పా?"

రోడ్డూరి పెద్దమనిషి తల ఊపాడు. గుట్టూరి పెద్దమనిషికి ఎలాగైనా మొదటి మర్యాద తనదే కాబట్టి ఆయన హాయిగా కూర్చున్నాడు. వాగూరి పెద్దమనిషి తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని, "మాదేముందప్పా, మీరెట్లంటే అట్ల," అన్నాడు. ఆ మనిషి మీద నాకు వచ్చినంత కోపం మా నాయన మీద కూడా రాలేదు.

చివరికి మా నాయన దారి గీశాడు. బస్సు గుట్టూరిలో ఎక్కించుకోవాలి. వాగూరిలో ఆగకుండా దాటి వచ్చి మా ఊళ్ళో ఎక్కించుకోవాలి. తర్వాత రోడ్డూరిలో. అక్కడ తిరుక్కుని, మళ్ళీ మా ఊరి మీదుగా వెనక్కి పోయి, వాగూరి వాళ్ళను ఎక్కించుకుని, మళ్ళీ మా ఊరూ రోడ్డూరూ దాటుకుని సంతూరు పోవాలి. ముక్కెక్కడ అంటే తల చుట్టూ తిప్పి చూపించడం నేను సామెతల్లోనే విన్నాను. డీజిలు పోసి మరీ తిప్పడం అప్పుడే చూశాను.

ఆసామి వేళాకోళం అనుకుని నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు. వారం రోజుల్లో వీళ్ళే సర్దుకుంటారులే అనుకుని ఒప్పుకున్నాడట, తర్వాత డ్రైవరు చెప్పాడు. పాపం, ఆయనకు మా వాళ్ళు కొత్త. తట్ట తిరిగింది. నలుగురూ ఆకెత్తారు. ఎన్నో మంచి మాటలు రాలిపోయిన ఆ తోపులో, ఇది మాత్రం నిలబడింది.

అలా మొదలైంది నా హైస్కూలు చదువు. పొద్దున్నే ఖాళీ బస్సు మా గడప ముందు నుంచే గుట్టూరు పోయేది. చలికి తలకు తువ్వాలు చుట్టుకుని చూస్తూ నిలబడేవాళ్ళం. తిరిగి వచ్చినప్పుడు మా ఊరి వాళ్ళం ఎక్కి కూర్చునేవాళ్ళం. రోడ్డూరు పోయి, తిరుక్కుని, మళ్ళీ మా ఊరి మధ్య నుంచే వాగూరికి బయలుదేరేది. అప్పుడు మా అమ్మ పేడనీళ్ళ చెంబు కింద పెట్టి కిటికీ దగ్గరికి వచ్చేది. నేను మరిచిపోయిన క్యారియరు అందించేది. అందులో ఊరగాయ పెట్టడం తాను మరిచిపోతే, బస్సు వాగూరి నుంచి మళ్ళీ వచ్చేసరికి అది కూడా తెచ్చి అందించేది. ఇంటి నుంచి బయలుదేరిన పిల్ల అంతసేపూ ఇంటి చుట్టే తిరగడం చూసి మా అమ్మకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

అయితే ఆ చివరిసారి వచ్చినప్పుడే నువ్వు ఎక్కరాదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను.

"మన వంతప్పుడే మనం ఎక్కాల. వాళ్ళ వంతులో ఎక్కితే వాళ్ళ వెనకాల ఎక్కినట్టు," అన్నాడు మా నాయన.

వాగూరి నుంచి బడికి వచ్చే ఆడపిల్ల ఒకతే. నా తరగతే. సన్నగా, పొడుగ్గా, నూనె రాసి బిగించిన రెండు జడలతో ఉండేది. ఆమె నాయన గొర్రెల మందతో అంచెట్టి అడవిలోకి పోతే వారాల తరబడి వచ్చేవాడు కాదు. ఆమె ఎక్కేసరికి సీట్లన్నీ నిండి ఉండేవి. కడ్డీ పట్టుకుని నా పక్కన నిలబడి, "ఏమ్మా, మీ ఊరు మళ్ళీ చూస్తివా? ఏమన్నా మారిందా?" అని అడిగేది. ఒళ్ళు మండేది నాకు. ఎందుకంటే నిజమే అడిగేది.

తొమ్మిదో తరగతి ఎలాగో గడిచింది. ఆలస్యంగా వస్తే తల వంచుకుని వెనక బెంచీలో కూర్చునేవాళ్ళం, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. పదో తరగతికి వచ్చేసరికి కృష్ణగిరి నుంచి కొత్త పెద్ద టీచరమ్మ బదిలీ మీద వచ్చింది. ప్రేయరు బెల్లు కొట్టగానే గేటుకు తాళం. తాళం మళ్ళీ తీసేది ఇంటర్వెల్‌కే. పొద్దుటి హాజరు పోయినట్టే. మేమిద్దరం దినామూ గేటు బయట, వేరుశనక్కాయల బండి పక్కన నిలబడేవాళ్ళం. లోపలి నుంచి లెక్కల సారు గొంతు వినపడేది, బోర్డు మీద ఏం రాశాడో కనపడేది కాదు.

కొన్ని వారాలకు పెద్ద టీచరమ్మ మమ్మల్ని పిలిచి సూటిగా చెప్పింది. ఏడాది నడుమ వచ్చే అరపరీక్షల దాకా ఇలాగే ఉంటే హాజరు చాలదు, పబ్లిక్ పరీక్షకు మా పేర్లు పంపడం కుదరదు. పేరు పోకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే మా ఇంట్లో ఇంకో ఏడు చదివించే ప్రసక్తే లేదు. నాకు అది బాగా తెలుసు, నా పక్కన నిలబడ్డ పిల్లకు ఇంకా బాగా తెలుసు.

ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచన చూసి నాకు ఆశ పుట్టింది. మర్నాడే చింతతోపులో నలుగురినీ కూర్చోబెట్టాడు. తట్ట తిరిగింది. నలుగురూ ఆకెత్తారు. ఏమని? బడి బెల్లు కాస్త ఆలస్యంగా కొట్టమని టీచరమ్మను అడగాలని!

చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం కాదు మా వాళ్ళు. ఎక్కడ చూడాలో అది తప్ప అన్నీ చూసి వచ్చే రకం.

నలుగురు పెద్దమనుషులూ తెల్లపంచెలు కట్టుకుని, భుజాన కండువాలు వేసుకుని, ఎవరి వంతులో వాళ్ళు బస్సెక్కారు. బస్సు ఎప్పటిలాగే ఊరేగింది. సంతూరు చేరేసరికి గేటుకు తాళం పడింది. నాలుగు ఊళ్ళ పెద్దరికం నాతో పాటు వేరుశనక్కాయల బండి పక్కన నిలబడింది. అక్కడ కూడా గేటుకు దగ్గరగా గుట్టూరు, తర్వాత మా నాయన, తర్వాత రోడ్డూరు, బండికి అవతల వాగూరు. ఎండ ఎక్కుతున్నా ఒక్కరు కూడా చోటు మారలేదు.

ఇంటర్వెల్‌కు తాళం తీశారు. టీచరమ్మ ఓపికగా అంతా విన్నది.

"బెల్లు జరపమంటారు. బస్సు జరపరాదా?" అంది.

"అది కుదరదమ్మా. అది మర్యాద విషయం," అన్నాడు మా నాయన.

"వాగూరిలో ముందు ఆపితే అయిపోతుంది గదండీ."

"అదేనమ్మా కుదరంది."

ఆమె మా నాయన ముఖంలోకి చూసి, "మీ మర్యాద కోసం ఇంతమంది పిల్లల బెల్లు నేను మార్చలేను. అరపరీక్షల దాకా చూస్తాను, ఆ తర్వాత మీ ఇష్టం," అని లేచింది. మా నాయన ఎర్రబడిన ముఖంతో బయటికి వచ్చాడు. ఆడమనిషి చేత కాదనిపించుకోవడం ఆయనకు అదే మొదలు, మా అమ్మ సంగతి పక్కన పెడితే.

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ అన్నాడు. "ఇంగేం చేసేది? చదివింది చాలు. అక్షరాలొచ్చినాయి గదా."

నాయన ముందు గొంతెత్తడం మా ఇంట్లో లేదు. ఆ రోజు ఎత్తాను.

"నీ మర్యాద దినామూ సీట్లో కూర్చోని పోతా ఉంది నాయనా. నేను గేటు బయట నిలబడుకోని ఉండాను."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. లేచి పశువుల దగ్గరికి పోయాడు. అమ్మ రాగిముద్ద తిప్పుతూ అంతా వింటూనే ఉంది. వీళ్ళతో వేగలేక నా తలప్రాణం తోకకొచ్చింది. ఆ పూట అన్నం తినకుండా పడుకున్నాను.

మర్నాడు పొద్దున ఖాళీ బస్సు గుట్టూరికి పోతుంటే మా అమ్మ రోడ్డు మధ్యలో నిలబడి ఆపింది. చేతిలో చెంబుడు మజ్జిగ. డ్రైవరు హోసూరు వైపు మనిషి, మా నాలుగు ఊళ్ళ మధ్య తిరిగి తిరిగి అప్పటికే సగం విసిగిపోయి ఉన్నాడు.

"తాగప్పా," అంది అమ్మ. "ఇంజన్‌కు నీళ్ళు యాడ పట్టుకుంటావు నువ్వు?"

"గుట్టూరి కొళాయి కాడమ్మా. ఏంటికి?"

"ఆ నీళ్ళు ఉప్పుగా ఉంటాయి. ఇంజన్‌కు మంచిది కాదు. వాగు నీళ్ళయితే తియ్యగా ఉంటాయి. దిగి వచ్చేటప్పుడు వాగు కాడ నిలిపి పట్టుకోరాదా?"

"వాగూర్లో ఆపకూడదు గదమ్మా, మీ ఇంటాయనే గదా చెప్పింది."

"ఆపమంటినా నేను? నీళ్ళు పట్టుకోమంటి. నీళ్ళు పట్టేటప్పుడు తలుపు తెరిచే ఉంటుంది గదా."

డ్రైవరు మజ్జిగ చెంబు నోటి దగ్గరే పెట్టుకుని ఆమె వైపు చూశాడు. తర్వాత పొలమారేదాకా నవ్వాడు.

ఆ రోజు బస్సు వాగు దగ్గర నీళ్ళ కోసం ఆగింది. మా అమ్మ ముందే కబురు పంపిందో, ఆ పిల్లే పసిగట్టిందో గానీ, వాగూరి వాళ్ళు అక్కడే ఉన్నారు. మా ఊరికి వచ్చేసరికి బస్సులో ఉన్నారు. ఇంక వెనక్కి పోవలసిన పని లేదు, ఎందుకంటే వాగూరిలో ఎక్కేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. బస్సు రోడ్డూరి నుంచి నేరుగా సంతూరు పోయింది. మేము గేటు దాటి లోపలికి పోయి చెట్టు కింద కూర్చున్న తర్వాత బెల్లు కొట్టారు. ఆ బెల్లు చప్పుడు లోపలి నుంచి వినడం నాకు ఆ ఏడు అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది.

నాలుగు ఊళ్ళకూ సంగతి తెలుసు. నాలుగు ఊళ్ళూ బస్సు నీళ్ళ కోసమే ఆగుతోందని అన్నాయి. చింతతోపులో ఆ మాటే రాలేదు, ఆకెత్తే పనే పడలేదు. వానల్లో ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూడా డ్రైవరు ఖాళీ క్యాను పట్టుకుని దిగి, ఒకసారి ఒళ్ళు విరుచుకుని ఎక్కేవాడు. ఇంత తెలివి ఉన్నవాళ్ళు ఆ తెలివిని మొదటే వాడితే నా పదో తరగతిలో అన్ని వారాలు గేటు బయట పోయేవి కాదు గదా అని నాకు మంట.

దీనికంటే పెద్ద మంట ఇంకొకటి ఉంది. వాగూరి వాళ్ళు ఎక్కుతారు, కూర్చోరు. గుట్టూరి వాళ్ళు ముందు సీట్లలో ఉంటారు. వెనకవన్నీ ఖాళీ. అయినా వాగూరి వాళ్ళు కడ్డీలు పట్టుకుని నిలబడే ఉంటారు, మేము ఎక్కి, రోడ్డూరి వాళ్ళు ఎక్కి, ఇంకా మిగిలితే అప్పుడు కూర్చుంటారు. వాళ్ళను నిలబడమని ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల కూడా పుస్తకాల సంచీ భుజానికి తగిలించుకుని ఖాళీ సీటు పక్కనే ఊగుతూ నిలబడేది. కూర్చోవే అంటే, "ఉండనీలేమ్మా, ఊరికే గలాటా ఏంటికి?" అనేది.

అరపరీక్షల్లో లెక్కల పరీక్ష రోజు వచ్చింది. ఆ రోజే మా నాయనకు కృష్ణగిరిలో ఏదో ఆఫీసు పని పడింది. ఉతికిన పంచె, మడత నలగని చొక్కా, భుజాన కండువా. బస్సు వచ్చి ఆగింది. ముందు నాయన ఎక్కాడు, వెనక నేను, మా వెనక మా ఊరి జనం.

ఎక్కి చూస్తే ఆ పిల్ల కూర్చుని ఉంది.

కిటికీ పక్క సీటులో, ఒళ్ళో లెక్కల పుస్తకం తెరిచి పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదువుకుంటోంది. నిలబడి ఊగుతూ ఉంటే లెక్క బుర్రకు ఎక్కదు గదా, అంతే. ఆమె చుట్టూ నిలబడ్డ వాగూరి వాళ్ళ ముఖాల్లో మాత్రం నెత్తురు చుక్క లేదు. డ్రైవరు గేరు వేయకుండా అద్దంలో చూస్తున్నాడు. ఆ పిల్ల తలెత్తింది. మా నాయనను చూసింది. లేవబోయి, ఎందుకో ఆగిపోయింది. పుస్తకం మూయలేదు.

నాయన ఆ సీటు పక్కకే వచ్చి ఆగాడు. లే అంటే ఆమె లేస్తుంది. కానీ లే అనాలంటే ఆమె బస్సులో ఉందని ఒప్పుకోవాలి. ఆమె బస్సులో ఉందంటే వాగూరిలో బస్సు ఆగినట్టు. మా ఊరి కంటే ముందు ఆగినట్టు. ఆయన గీసిన గీతలో ఆయనే చిక్కుకున్నాడు. చెయ్యి ఎత్తి పైకడ్డీ పట్టుకున్నాడు. కిటికీలోంచి క్యాబేజీ తోటల వైపు చూస్తూ ఉండిపోయాడు.

పెద్దమనిషి నిలబడితే మా ఊరి వాళ్ళు ఎలా కూర్చుంటారు? వాళ్ళూ నిలబడ్డారు. రోడ్డూరిలో జనం ఎక్కారు. తమకంటే ముందు మర్యాద ఉన్న ఊరు నిలబడి ఉంటే తాము కూర్చోవడం ఎలా? వాళ్ళూ నిలబడ్డారు. వెనక సీట్లన్నీ ఖాళీగా ఉండగా మూడు ఊళ్ళ జనం ఒకరి మీద ఒకరు పడుతూ లేస్తూ నిలబడి ప్రయాణం చేశారు.

"ఏమప్పా, సీట్లకు ముళ్ళేమన్నా ఉండాయా?" అని అరిచాడు డ్రైవరు.

"గాలి కోసరం నిలబడినాంలే, నువ్వు తోలప్పా," అన్నాడు వెనక నుంచి ఎవరో.

ఆ పిల్ల నా చెయ్యి పట్టి లాగింది. నేను కూర్చున్నాను. బస్సు మొత్తం మీద వెనక సీట్లలో కూర్చున్నది మేమిద్దరమే. ఇద్దరి ఒళ్ళలోనూ చెరో సగం వచ్చేలా పుస్తకం పెట్టింది. నాకు ఒక్క అక్షరం ఎక్కలేదు. మలుపు వచ్చినప్పుడల్లా తూలుతూ, కండువా జారిపోతుంటే సర్దుకుంటూ, పట్టు మాత్రం విడవని నాయననే చూస్తున్నాను. ఆ మొండితనం చూస్తే గొంతు పిసకాలనిపించింది. మోకాళ్ళ నొప్పి మనిషి, ఒక్కసారి కూర్చోరాదా అని కూడా అనిపించింది.

సంతూరిలో దిగాం. నాయన కృష్ణగిరి బస్సు కోసం ఆగాలి, బడి గేటు ఎదురుగానే. బెల్లు ఇంకా కొట్టలేదు. గేటు బార్లా తెరిచి ఉంది. వేరుశనక్కాయల బండివాడు నాయనను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. నాయన ఆ గేటు వైపు, తాను ఆ రోజు నిలబడిన చోటు వైపు చూశాడు. తర్వాత ఆ పిల్ల వైపు తిరిగాడు. వాగూరి ఆడపిల్లతో ఆయన మాట్లాడడం నేను అంతవరకు వినలేదు.

"రేపు గూడా పరీక్షేనామ్మా?"

"అవునప్పా," అంది ఆ పిల్ల, పుస్తకం గుండెకు అదుముకుని.

"అట్లయితే మా పిల్లకు గూడా ఒక సీటు పట్టి పెట్టు," అని కండువా దులుపుకుని రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

పబ్లిక్ పరీక్షకు ఇద్దరి పేర్లూ పోయాయి. ఇద్దరం పాసయ్యాం. ఇప్పుడు ఆ దారిలో బస్సు లేదు. రెండువేలు దాటాక ఇంటింటికీ బైకులు వచ్చాయి, రోడ్డు పొడవునా గులాబీల గ్రీన్‌హౌసులు లేచాయి, వాగూరి పిల్లలు అందరికంటే ముందు లేచి వాటిల్లో పనికి పోతున్నారు. జాతరలో దీపాల వరస మాత్రం అలాగే ఉంది, వాగూరు ఇంకా వెనకే నడుస్తోంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొన్న ఊరికి పోయినప్పుడు నాయన మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాడు, బస్సు వాగూరిలో ఎప్పుడూ ఆగలేదని. నాకు ఓపిక చచ్చింది.

"అట్లయితే ఆ పిల్ల యాడ ఎక్కింది నాయనా?" అని అడిగాను.

నాయన మసక కళ్ళతో నా వైపు చూశాడు.

"నాకేం తెలుసు? నేను ఎక్కేటప్పటికే కూర్చోని ఉండె గదా."